రెండు రోజుల విందు, 21 కిలోమీటర్ల పరుగు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ సంఘం పెట్టి 50 ఏళ్లయింది. నేను ఇంటర్‌లో చేరిన ఏడాది మా ఇంట్లో పుస్తకాలు కొనే పరిస్థితి లేదు. అప్పుడు ఈ సంఘం పెద్దలు సీనియర్ల దగ్గర పాత పుస్తకాలు సేకరించి, అట్టలు వేసి మరీ ఇచ్చారు. ఆ బాకీ తీర్చేది కాదు. అందుకే కార్యదర్శి గారు ఫోన్ చేసి "ఆరోగ్యం మీద ఓ పావుగంట మాట్లాడాలి" అనగానే కాదనలేకపోయాను. నేను డాక్టర్ని కాను, పంపులు, మోటార్లు చూసుకునే ఇంజనీర్ని. ఆరోగ్యం మీద ఉపన్యాసం ఇచ్చే అర్హత నాకు లేదు. కాబట్టి ఒక శని, ఆదివారాల కథ చెబుతాను. అందులో ఆరోగ్యం ఎంత ఉందో మీరే తేల్చుకోండి.

కథలోకి వెళ్లేముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. మన డ్రిల్లు మాస్టారు ఇక్కడే కూర్చుని నవ్వుతున్నారు. ఆయనకు గుర్తుందనుకుంటాను. తొమ్మిదో తరగతి వార్షికోత్సవంలో 400 మీటర్ల పందెం. ఆరుగురం పరుగెత్తాం. ఐదుగురు గీత దాటి, నీళ్లు తాగి, గుంజీలు కూడా తీసేంత సేపటికి నేను మూడో మలుపులో ఉన్నాను. అందరూ నవ్వుతుంటే సిగ్గేసి వేపచెట్టు దగ్గర ఆగిపోయాను. మాస్టారు విజిల్ వేసుకుంటూ వచ్చి, చెవి పట్టుకుని, "ఆఖరున రావడం తప్పు కాదురా. మధ్యలో ఆగిపోవడం తప్పు. పద, గీత దాకా పద" అన్నారు. చెవి పట్టుకునే గీత దాకా తీసుకెళ్లారు. ఆ తరువాత 38 ఏళ్లు నేను పరుగు జోలికి పోలేదు. బస్సు వెళ్లిపోతున్నా పరుగెత్తలేదు, తరువాతి బస్సు ఎక్కాను.

మళ్లీ పరుగెత్తించింది షుగరు. 52వ ఏట కంపెనీ వైద్యపరీక్షల్లో హెచ్‌బీఏ1సీ 8.4 వచ్చింది. మూడు నెలల సగటు షుగరు తెలిపే పరీక్ష అది. 6.5 దాటితే మధుమేహం కిందే లెక్క. మా నాన్నగారు నా పదో తరగతి పరీక్షలు అయిన పదిహేను రోజులకు గుండెపోటుతో పోయారు. అప్పుడాయనకు 47. మా బ్యాచ్‌లో చాలామంది ఆ రోజు మా ఇంటికి వచ్చారు, నాకు గుర్తే. 47 దాటిన ప్రతి పుట్టినరోజుకూ నాకు ఒకటే అనిపిస్తుంది, ఇది మా నాన్న చూడని వయసు అని. ఆ రిపోర్టు చేతిలో పట్టుకున్న రోజు ఆ మాట ఇంకొంచెం గట్టిగా వినిపించింది.

నడక మొదలుపెట్టాను. విజయవాడలో బందరు కాలువ గట్టు మీద పొద్దున్నే అరగంట. ఏడాదికి నడక మెల్లగా పరుగైంది. వారానికి మూడు రోజులు, ఆదివారం కాస్త ఎక్కువ దూరం. 86 కిలోలు ఉన్నవాణ్ని 76కి వచ్చాను. మందులతో కలిపి షుగరు 6.6కి దిగింది. ఆ ధైర్యంతో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్‌కి పేరు ఇచ్చాను. హాఫ్ అంటే 21.1 కిలోమీటర్లు. పూర్తి మారథాన్ 42.195 కిలోమీటర్లు. ఈ లెక్క 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తించిన దూరం, 1921లో దాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. హైదరాబాద్ పరుగు 2011లో మొదలైంది, సాధారణంగా ఆగస్టులో జరుగుతుంది.

ఇక్కడిదాకా కథ బాగానే ఉంది. మిగిలిన కథ మా అమ్మాయిది.

మా అమ్మాయికి 26 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం. మూడేళ్ల కిందట స్నేహితులతో కలిసి ఊరి బయట ఒక డెయిరీ ఫారం చూడటానికి వెళ్లింది. అక్కడ ఒక మూల కట్టేసి ఉన్న మగదూడల్ని చూసింది. ఇవెందుకు ఇలా ఎండిపోయి ఉన్నాయని అడిగింది. పాలివ్వనివాటికి పాలు ఎవరు పోస్తారమ్మా అన్నారట. ఆ రోజు నుంచి పాలు, పెరుగు, నెయ్యి, తేనె అన్నీ మానేసింది. వీగన్ అంటారు. ఈ మాట 1944లో ఇంగ్లండులో పుట్టింది. మనకు శాకాహారం అంటే పాలూ పెరుగూ అందులో భాగమే. వీళ్లకు కాదు. జంతువు నుంచి వచ్చేది ఏదీ తినరు.

నాకు అది మింగుడు పడలేదు. కారణం మా బ్యాచ్‌వాళ్లకు చెప్పక్కర్లేదు. నాన్న పోయాక మా ఇంటిని నిలబెట్టింది రెండు గేదెలు. అమ్మ తెల్లవారుజామున పాలు పితికి, ఆరింటికల్లా పాలకేంద్రం దగ్గర వరుసలో ఉండేది. 1970లో మొదలైన ఆపరేషన్ ఫ్లడ్ మన పల్లెలకు వచ్చి అప్పటికి కొన్నేళ్లయింది. వెన్న శాతం చూసి డబ్బులిచ్చేవారు. గేదెపాలలో ఆరు, ఏడు శాతం వెన్న ఉంటుంది, ఆవుపాలలో నాలుగు లోపే. చదువు రాని మా అమ్మకు ఈ శాతాలన్నీ నోటికి వచ్చు. నా ఇంటర్ ఫీజు, ఇంజనీరింగ్ ఫీజు, హాస్టల్ మెస్సు బిల్లు అన్నీ ఆ పదిహేను రోజుల పాల చీటీల్లోంచి వచ్చినవే.

రెండేళ్ల కిందట సంక్రాంతికి అమ్మ సున్నుండలు చేసింది. మా అమ్మాయి తినలేదు. "నెయ్యి ఉంది కదా నాయనమ్మా" అంది. అమ్మ ఏమీ అనలేదు. నేనే అన్నాను. "ఈ ఇంట్లో ప్రతి చదువూ గేదె పొదుగు కింద నుంచే వచ్చింది. నీదీ అంతే. అది మరిచిపోయి నాయనమ్మ చేతి తిండి కాదంటావా" అని గట్టిగా అరిచాను. పండగ రోజు. చుట్టాల ముందు. అది కళ్లు తుడుచుకుని ఆ సాయంత్రమే బండెక్కింది. తరువాతి సంక్రాంతికి రాలేదు. ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లం, బాగున్నావా అంటే బాగున్నాను అనుకోవడమే.

అలాంటిది, నేను పరుగుకు పేరు ఇచ్చానని వాళ్లమ్మ ద్వారా విని, తనే ఫోన్ చేసింది. "హోటల్లో ఎందుకు నాన్నా, మా ఇంట్లో దిగండి. నాయనమ్మనీ తీసుకురండి. ఒక్క షరతు. ఆ రెండు రోజులూ వంట నాది."

షరతు అంటే ఏమిటో అందరికీ అర్థమైంది. అమ్మ ఒక్కటే అడిగింది, "మరి కాఫీ ఎలాగే?" అని.

శుక్రవారం రాత్రి చేరాం. శనివారం పొద్దున్నే మొదటి పరీక్ష కాఫీతోనే. సోయా పాలలో వేడి డికాషన్ పోయగానే విరిగిపోయింది. అమ్మ గ్లాసులోకి చూసి, "చూశావా, దానికీ ఇష్టం లేదు" అంది. మా అమ్మాయి కోప్పడలేదు. పాలను కాస్త వెచ్చచేసి, డికాషన్ చల్లారనిచ్చి, కొంచెం కొంచెంగా కలిపింది. ఈసారి విరగలేదు. అమ్మ తాగింది. బాగుందని అనలేదు, రెండో గ్లాసు మాత్రం అడిగింది.

ఆ మధ్యాహ్నం భోజనం గురించి చెప్పాలి. పప్పు, గోంగూర పచ్చడి, నువ్వులూ వేరుశనగపప్పూ నూరి కూరిన గుత్తివంకాయ, పచ్చిపులుసు, కందిపొడి, వేడి అన్నంలోకి నెయ్యి బదులు నువ్వుల నూనె. నేను గంట సేపు తిన్నాను. తిన్న తరువాత తోచింది, ఈ విస్తట్లో కొత్తది ఏముంది? ఇడ్లీ, దోసె, పులిహోర, జొన్నరొట్టె, ఉలవచారు, పచ్చళ్లు... మన వంటింట్లో సగం ఎప్పుడూ ఇలాగే ఉంది. పేరే కొత్త. తేడా వచ్చేది రెండే చోట్ల, మొదటి ముద్దలో నెయ్యి, చివరి ముద్దలో పెరుగు.

ఆ చివరి ముద్దకు కూడా అది ఏర్పాటు చేసింది. వేరుశనగ పెరుగు. రాత్రి నానబెట్టిన పప్పును మెత్తగా రుబ్బి, గుడ్డలో వడకట్టి, ఆ పాలను మరగబెట్టి, గోరువెచ్చగా అయ్యాక నాలుగు పచ్చిమిరప తొడిమలు వేసి ఒక రాత్రి కదపకుండా ఉంచుతారు. తొడిమల మీద ఉండే సూక్ష్మజీవులే తోడు. మొదటిసారి పలచగా వస్తుంది. దాన్నే తోడుగా వేసి రెండోసారి చేస్తే గట్టిపడుతుంది. ఇంట్లో తోడు లేనప్పుడు పచ్చిమిరప తొడిమలతో పాలు తోడుపెట్టడం మా అమ్మకూ తెలిసిన పనే. "ఇది నా విద్యే కదే" అంది. ఆ భోజనంలో అమ్మ మొహం మొదటిసారి వెలిగింది అప్పుడే.

సాయంత్రం బయట భోజనం. నగరంలో పూర్తిగా వీగన్ వంటకాలే పెట్టే హోటల్ ఒకటి ఉందని తీసుకెళ్లింది. సర్వరు కుర్రాడు వచ్చి క్యాషూ చీజ్ ఉందండీ అన్నాడు. అమ్మ అంటే ఏమిటని అడిగితే మా అమ్మాయి, "జీడిపప్పుతో చేసిన జున్నులాంటిది నాయనమ్మా" అంది. "జున్నా? ఏ గేదె ఈనిందట?" అంది అమ్మ. ఆ కుర్రాడితో సహా అందరం నవ్వాం. బిల్లు చూశాక ఆవిడ అన్న మాట మాత్రం గురువుల ముందు చెప్పలేను. మా అమ్మాయి ఒక చాక్లెట్ పొట్లం మీద గుర్తు చూపించింది. ఆకుపచ్చ రంగులో 'వి' అక్షరం, చిన్న ఆకు. మామూలు ఆకుపచ్చ చుక్క ఉంటే పాలు ఉండవచ్చు. ఈ గుర్తు ఉంటే ఉండవు. కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2022లో దీనికి నిబంధనలు తెచ్చింది.

దారిలో నేను అడిగాను, "పాలు లేకుండా ఒంట్లో బలం ఎలా వస్తుందే?" అని. అది నాకు స్కాట్ జురెక్ అనే ఆయన సంగతి చెప్పింది. అమెరికాలో వెస్టర్న్ స్టేట్స్ అని కొండల్లో 100 మైళ్ల పరుగు ఉంది, అంటే 161 కిలోమీటర్లు. 1999 నుంచి 2005 దాకా వరసగా ఏడుసార్లు గెలిచాడు. వీగన్. దానికి నా దగ్గర జవాబు లేదు. కాకపోతే మరో విషయం కూడా అదే చెప్పింది, నిజాయతీగా. బీ12 విటమిన్ మొక్కల నుంచి సరిగా అందదు. మాత్రగానో, దాన్ని కలిపిన ఆహారంగానో తీసుకోవాల్సిందే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడే షుగరు వాళ్లకూ బీ12 తగ్గే అవకాశం ఉంది. నాకు పరీక్షలో తక్కువే వచ్చింది. ఆ రాత్రి చూస్తే మా ఇద్దరి మాత్రల డబ్బాల్లోనూ ఒకటే మాత్ర ఉంది. రెండేళ్ల తరువాత మేమిద్దరం కలిసి నవ్వుకున్న విషయం అదే.

ఇక ఆ రాత్రి. తెల్లవారుజామున మూడింటికి లేవాలి. తొమ్మిదికల్లా పడుకున్నాను. పక్క గదిలో అమ్మ, మా అమ్మాయి మాట్లాడుకుంటున్నారు. తలుపు ఓరగా తీసి ఉంది.

అమ్మ అంటోంది: "నువ్వు ఆ దూడల్ని ఇప్పుడు చూశావు. నేను నా చేత్తో అమ్మాను తల్లీ. మన గౌరి మూడో ఈత దున్నదూడ. ఆడదైతే పెంచుకునేవాళ్లం. దీనికి పాలు వదిలితే కేంద్రానికి పోయడానికి ఏముంటుంది? నెలన్నర అయ్యాక ఒకడు వచ్చి తోలుకుపోయాడు. ఎక్కడికని అడగలేదు. అడిగితే చెబుతాడని భయం. గౌరి మూడు రోజులు చేపలేదు. దాణా పెట్టినా, మెడ నిమిరినా చేపలేదు. రాత్రుళ్లు అరిచేది. ఆ డబ్బుకి ఇంకొంత వేసి మీ నాన్నకి గీతలు గీసే ఆ కర్రలబొమ్మ కొన్నాం. మీ నాన్నకి తెలీదు. చెప్పలేదు."

కర్రలబొమ్మ అంటే మినీ డ్రాఫ్టర్. ఇంజనీరింగ్ మొదటి ఏడాది డ్రాయింగ్ క్లాసుకు అది లేకుండా రానిచ్చేవారు కాదు. ఇప్పటికీ మా ఇంట్లో అటక మీద ఉంది. నేను కొలిచి గీసిన మొదటి గీత దానితోనే.

మా అమ్మాయి ఏమీ అనలేదు. చాలాసేపటికి, "నువ్వు ఇంకేం చేయగలవు నాయనమ్మా" అన్న మాట మాత్రం వినిపించింది. దూడల కోసం పాలు మానేసిన పిల్ల, దూడను అమ్మిన నాయనమ్మతో అన్న మాట అది. ఆ రెండు విషయాలూ ఒకే మనసులో పట్టవని నేను రెండేళ్లుగా వాదిస్తున్నాను. దానికి పట్టాయి. పట్టనిది నాకే.

ఆ ఆలోచనలో నేనొక తప్పు చేశాను. అది మీ అందరికీ పనికొస్తుంది కాబట్టి వివరంగా చెబుతాను. నేను వేసుకునే రెండు మాత్రల్లో ఒకటి షుగరును బాగా కిందకి దించే రకం. పరుగు ముందురోజు రాత్రి అది వేసుకోవద్దని మా డాక్టరు చెప్పారు. పలకమీద రాసినట్టు చెప్పారు. ఆ రాత్రి అమ్మ మాటలు వింటూ, కళ్లు తుడుచుకుంటూ, చేతికందిన రెండు మాత్రలూ అలవాటుగా మింగేశాను.

ఆదివారం. నెక్లెస్ రోడ్డులో పీపుల్స్ ప్లాజా దగ్గర ఇంకా చీకటిగానే ఉంది. హుస్సేన్ సాగర్ మీద నుంచి చల్లగాలి, సన్నటి తుంపర. వేలమంది జనం. నా పక్కన ఉన్న పెద్దాయనకు నాకంటే పదేళ్లయినా ఎక్కువ ఉంటాయి, బూట్ల లేసులు కట్టుకుంటూ రామనామం చేసుకుంటున్నారు. నా పథకం కిలోమీటరుకు 8 నిమిషాలు. కానీ జనం ఊపులో మొదటి ఐదు కిలోమీటర్లు 7 నిమిషాల లెక్కన పరుగెత్తాను. రాజ్‌భవన్ రోడ్డు, పంజాగుట్ట ఫ్లైఓవర్ దాటేసరికి నన్ను నేనే మెచ్చుకుంటున్నాను. విజయవాడవాడికి ఎత్తు అంటే బ్యారేజీ ఎక్కడమే. ఇక్కడ రోడ్డు ఎక్కుతుంది, దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాకా అంతా చిన్న చిన్న కొండలే.

ఇంజనీర్ని కాబట్టి ఇంధనం లెక్క చెబుతాను. పరుగులో కిలోమీటరుకు, కిలో బరువుకు సుమారు ఒక కిలోకేలరీ ఖర్చవుతుంది. 76 కిలోలు, 21.1 కిలోమీటర్లు, అంటే దాదాపు 1600. మన కండరాల్లో, కాలేయంలో కలిపి 400 నుంచి 500 గ్రాముల గ్లైకోజెన్ నిల్వ ఉంటుంది, గ్రాముకు నాలుగు చొప్పున 1600 నుంచి 2000. కొవ్వు కూడా మండుతుంది, అది వేరే ట్యాంకు. కానీ వేగం పెంచేకొద్దీ కొవ్వు వాటా తగ్గి చక్కెర వాటా పెరుగుతుంది. లెక్క ప్రకారం సరిపోవాలి. అయితే నేను ట్యాంకును మొదట్లోనే ఎక్కువ ఖర్చు చేశాను. పైగా రాత్రి వేసుకున్న మాత్ర ట్యాంకు అడుగున ఉన్న కుళాయి తిప్పింది.

రోడ్డు నంబరు 45లో, 14వ కిలోమీటరు దగ్గర, చేతులు వణకడం మొదలైంది. చెమట చల్లగా పడుతోంది. కళ్ల ముందు రోడ్డు కొంచెం పక్కకు జరిగినట్టు ఉంది. అప్పుడు గుర్తొచ్చింది మాత్ర సంగతి. పక్కకు వచ్చి గట్టు మీద కూర్చున్నాను. జేబులో మా అమ్మాయి పెట్టిన ఖర్జూరాలు, బెల్లం వేరుశనగ అచ్చు, గ్లూకోజ్ పొడి పొట్లం ఉన్నాయి. ముందు గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగాను. వాలంటీర్ కుర్రాడు వచ్చి పక్కనే కూర్చున్నాడు. పదిహేను నిమిషాల్లో వణుకు తగ్గింది. తరువాత ఖర్జూరాలు తిన్నాను. ఫోన్ తీసి మా అమ్మాయికి చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. "ఆపేయమంటావా?" అన్నాను.

అది కాసేపు మాట్లాడలేదు. తరువాత వరసగా ప్రశ్నలు. వణుకు పూర్తిగా తగ్గిందా, పక్కన ఎవరున్నారు, మాట తడబడుతోందా, అచ్చు ఇంకా మిగిలిందా. అన్నీ విని, "మళ్లీ వణికితే అక్కడే ఆంబులెన్స్ ఎక్కాలి. ఒట్టు. లేదంటే పరుగెత్తొద్దు, నడిచి రా నాన్నా. ఎంతసేపైనా మేం ఇక్కడే ఉంటాం" అంది.

నడిచాను. దుర్గం చెరువు మీద 2020లో ప్రారంభించిన తీగల వంతెన మీదుగా నడిచాను. నా తరువాత బయలుదేరినవాళ్లు నన్ను దాటిపోతున్నారు. బూట్ల లేసులు కట్టుకుంటూ రామనామం చేసిన పెద్దాయన కూడా చెయ్యి ఊపి వెళ్లిపోయారు. వంతెన మీద నాకు డ్రాఫ్టర్ గుర్తొచ్చింది. గౌరి గుర్తొచ్చింది. నేను పండగ రోజు అరిచిన మాట గుర్తొచ్చింది. ప్రతి చదువూ గేదె పొదుగు కింద నుంచి వచ్చిందన్నాను కదా. ఆ పొదుగు దగ్గర నుంచి ఎవర్ని లాగేస్తే వచ్చిందో నాకు తెలియదు. మా అమ్మకు తెలుసు. మా అమ్మాయి అడక్కుండానే తెలుసుకుంది. మధ్యలో ఉన్న నేనే గట్టిగా అరిచాను.

చివరి రెండు కిలోమీటర్లు మెల్లగా పరుగెత్తాను. గచ్చిబౌలి స్టేడియంలో గీత దాటేసరికి 3 గంటల 14 నిమిషాలు. మాస్టారూ, దాదాపు ఆఖరునే వచ్చానండి. గీత మాత్రం దాటాను. ఈసారి చెవి ఎవరూ పట్టుకోలేదు.

మా ఆవిడ మెడలో పతకం చూసి ఏడ్చింది. తరువాత మాత్ర సంగతి విని తిట్టింది. మా అమ్మాయి ముందు వేలు గుచ్చి షుగరు చూసింది, 118. అమ్మ సంచిలోంచి ఫ్లాస్కు తీసింది. మజ్జిగ. అల్లం, కరివేపాకు, ఉప్పు. నేను మా అమ్మాయి మొహం చూశాను. "వేరుశనగ పెరుగే నాన్నా. నాయనమ్మ నాలుగింటికి లేచి చిలికింది" అంది. రెండు గ్లాసులు తాగాను. అమ్మ కూడా తాగింది. మూతి తుడుచుకుని తీర్పు చెప్పింది: "బాగానే ఉంది. మజ్జిగ మాత్రం కాదు."

మా అమ్మాయికి నేను క్షమించమని చెప్పలేదు. మన తరం తండ్రులకు ఆ మాట నోట రాదు, మీకు తెలుసు. "ఈసారి సంక్రాంతికి సున్నుండలు వద్దు, నువ్వులుండలు చేయిస్తాను, వస్తావా?" అన్నాను. అది జవాబు చెప్పేలోపే అమ్మ అందుకుంది, "నువ్వులుండలకి నెయ్యి అక్కర్లేదు. బెల్లం పాకం చాలు" అని. వస్తానంది.

మిత్రులారా, నేను వీగన్ కాలేదు. మా ఇంట్లో పెరుగు గిన్నె ఉంది. అమ్మ 78 ఏళ్ల వయసులో దాన్ని మానుకోనక్కర్లేదు. నేను కూడా నెలలో కొన్ని రోజులు తింటాను. కానీ ఇప్పుడు తినేటప్పుడు అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసి తింటున్నాను. తెలిశాక కొంచెం తగ్గింది. అంతకుమించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

మన బ్యాచ్‌వాళ్లందరికీ మూడు మాటలు. 40 దాటినవాళ్లు ఏడాదికోసారి షుగరు, బీపీ చూపించుకోండి. మా నాన్నకు చూపించుకునే వీలు లేదు, మనకు ఉంది. షుగరు మందులు వాడేవాళ్లు పరుగుకో, పెద్ద నడకకో వెళ్లేముందు మందుల సంగతి డాక్టరుతో మాట్లాడి, ఆయన చెప్పింది కాగితం మీద రాసి మాత్రల డబ్బాకు అంటించండి. నాలాగా బుర్రను నమ్ముకోకండి. జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. మూడోది, మీ ఇంట్లో పిల్లలు మీ విస్తట్లో ఏదైనా కాదంటే, అరిచేముందు ఎందుకని ఒక్కసారి అడగండి. కారణం మీ ఇంటి దొడ్లోనే ఉండవచ్చు.

ఇక చివరిగా ఒక ప్రకటన. కార్యదర్శి గారి అనుమతి తీసుకున్నాను. రేపు పొద్దున్న ఆరింటికి మన గ్రౌండులో, వేపచెట్టు దగ్గర నుంచి నాలుగు చుట్లు. పరుగెత్తగలిగినవాళ్లు పరుగెత్తండి, మిగతావాళ్లు నడవండి. మాస్టారు విజిల్ వేస్తానని మాటిచ్చారు. తరువాత ఫలహారానికి ఇడ్లీ, వేరుశనగ చట్నీ, నువ్వులుండలు. ఉండలు మా అమ్మ చేసి పంపింది. ఎవరూ భయపడకండి, ఆఖరున వచ్చేది నేనే.